నాలుగో డిస్క్ నేను ముట్టుకోలేదు

హైదరాబాదు వెళ్లి ఐదు రోజులుండి వచ్చానని తెలిసి మా వీధివాళ్లంతా అడిగారు, చార్మినార్ చూశావా, బిర్యానీ తిన్నావా అని. చూడలేదు, తినలేదు. ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఓ పూట గడ్డిఅన్నారం, ఇంకో పూట మీర్‌పేట్. నా హైదరాబాదు ఇంతే. మూసీకి అవతల కూడా ఊరుందని అందరూ అంటారు కాబట్టి ఉండే ఉంటుంది. ఇప్పటికి చాలా ఊళ్లు తిరిగాను గానీ ఇంతగా కుళ్లుకుని ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో. కంప్యూటర్‌కూ డిస్క్‌కూ మధ్య మాటలు చేరవేసే ప్రోగ్రాంను మా వృత్తిలో డ్రైవర్ అంటాం, నేను రాసేవి అవే. డిస్క్ బాగున్నన్నాళ్లు ఏ డ్రైవరైనా మంచిదే. అది చెడిపోతున్నప్పుడే డ్రైవర్ బుద్ధి బయటపడుతుంది. అలాగని పరీక్ష కోసం డిస్క్ ఎప్పుడు చెడిపోతుందా అని ఎదురుచూస్తూ కూర్చోలేం కదా. బాగున్న డిస్క్ చేతనే, మనం చెప్పినప్పుడు, చెప్పిన రకంగా తప్పు చేయించే టూల్ ఒకటి కావాలి.

మూడేళ్లు కష్టపడి అలాంటి టూల్ ఒకటి నేను రాశాను. చెన్నై ఆఫీసులో దాన్ని మురళి టూల్ అనేవాళ్లు. ఆ పేరు వింటే నాకు కడుపు నిండేది. ఈలోగా మా కంపెనీ హైదరాబాదులో ఆరుగురున్న ఒక చిన్న సంస్థను కొని తనలో కలుపుకుంది. తీరా చూస్తే వాళ్ల దగ్గరా అలాంటి టూలే ఉంది. రాసినామె పేరు స్వరూప. రెండు దేనికి, ఒకటి చాలన్నాడు మా మేనేజర్. ఏది నిలిస్తే దాన్ని రాసినవాళ్లే రెండు ఊళ్ల బృందానికీ పెద్ద. "నువ్వు వెళ్లి వారం రోజులు వాళ్లది వాడి చూడు మురళీ. శుక్రవారం ఫోన్లో కూర్చుని తేల్చేద్దాం" అన్నాడు. పెళ్లిచూపులకు పోటీవాణ్నే పెద్దమనిషిగా పంపినట్టుంది నాకు.

హయత్‌నగర్: నడిరోడ్డు మీద పంక్తి

నేను వెళ్లిన వారం తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉంది. ఆఫీసులు, బళ్లు మూతపడ్డాయి. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటి రావడం లేదు. చెన్నైలో ప్రైవేటు బస్సెక్కించి మా ఆవిడ ఒకటే చెప్పింది. "అక్కడ నోరు తెరవకండి. మన యాస పట్టేస్తారు."

సోమవారం పొద్దున పది దాటాక హయత్‌నగర్ దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు కనుచూపు మేర లారీలు. దిగి నడుచుకుంటూ వెళ్లి చూస్తే రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద గుండిగలు. వంటావార్పు అంటారట. రోడ్డు ఆపాలి కాబట్టి రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే వడ్డించుకుని తింటారు. డప్పులు మోగుతున్నాయి, ఎవరో పాట కడుతున్నారు, ఆడవాళ్లు విస్తళ్లు పరుస్తున్నారు. మెడలో కండువా వేసుకున్న ఓ పెద్దాయన చేత్తో గరిటె పట్టుకుని నా భుజం తట్టి కూర్చోబెట్టాడు.

తలూపుతూ నెట్టుకొద్దామనుకున్నాను. అన్నం మరీ ఎక్కువ పెడుతుంటే ఆగలేక "చాలండీ, చాలండీ" అన్నాను. పక్కనున్న ఇద్దరు నా వైపు తిరిగారు.

"ఆంధ్ర సారా?" అన్నాడు పెద్దాయన.

"నెల్లూరండీ."

"మంచిగున్నది. మీ ముఖ్యమంత్రికి, మా ముఖ్యమంత్రికి ఇయ్యాల ఒక్కటే కుర్సీ. గా పంచాయితీ తర్వాత చూసుకుందాం. చింతాకు పప్పు ఏస్త, తినుండ్రి" అని గరిటెడు వేశాడు.

రాస్తారోకో అంటే టైర్లు కాల్చడమే మా వైపు నేను చూసింది. ఇంత మంది ఇంత కోపంతో ఉండి, ఆ కోపాన్ని పప్పు వండి చూపించడం ఎక్కడా చూడలేదు. ఆ పంక్తిలో ఒకరి విస్తరిలోంచి ఒకరు ఉల్లిపాయ ముక్కలు తీసుకుని తింటుంటే నాకు చిన్నగా మండింది. నేను ఏ పనిలోనూ అంత మందితో కలిసి కూర్చున్నది లేదు. మధ్యాహ్నానికి దారి వదిలారు. ఎల్.బి.నగర్‌లో లాడ్జిలో సామాను పడేసి, పది రూపాయలిచ్చి షేర్ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ చేరాను.

దిల్‌సుఖ్‌నగర్: చీరల కొట్టు పైన

దిల్‌సుఖ్‌నగర్‌లో గోడ కనబడదు, బోర్డులే కనబడతాయి. జావా నేర్పుతాం, గ్రూప్స్‌కు తయారుచేస్తాం, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు. ఆ బోర్డుల మధ్య ఒక చీరల కొట్టు, దాని పైన రెండో అంతస్తులో వాళ్ల ఆఫీసు. మా చెన్నై ఆఫీసుకు అద్దాల తలుపులు, ఏసీ. ఇక్కడ బల్లల కింద కంప్యూటర్ల డొక్కలు తెరిచి, వాటికి టేబుల్ ఫ్యాన్లు తిప్పి పెట్టారు. ఇది చూసి నాకు బోలెడు ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం అరగంట నిలవలేదు. స్వరూపకు ముప్పై ఏళ్లుంటాయి. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. వాళ్లది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం, ఇప్పుడు మీర్‌పేట్‌లో ఉంటున్నారు. కుర్చీ చూపించి, ఒక ఫైలు తెరిచింది. అందులో ఒక్క వరుస ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు.

"డిస్క్ నాలుగు, రాత పదిహేడు, మింగు."

"అంటే?" అన్నాను.

"నాలుగో డిస్క్‌కు పదిహేడోసారి రాయమని చెప్పినప్పుడు, రాసిన అని అబద్ధం చెప్తది సార్. రాయది. మింగుతది. కాదను అని పెడ్తే రాయనని మొండికేస్తది. ఆలస్యం అని పెడ్తే రాస్తది గని జవాబు లేటుగ ఇస్తది."

"ఒక్క లైనేనా?"

"ఒక్కటే. తప్పు ఏ పోగు మీద రావాల్నో ముందుగల్నే కట్టిపెడ్తమన్నట్టు."

నా టూల్‌లో ఒక్కో రకం తప్పుకు నలభై వరుసల కోడ్ రాయాలి. రాసి డ్రైవర్‌ను మళ్లీ మొదటి నుంచి తయారుచేయాలి. అదీ ఎప్పుడు తప్పు వస్తుందో తెలియదు. వందలో రెండుసార్లు రమ్మంటే దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. వచ్చిన తప్పు మళ్లీ రప్పించాలంటే దేవుడికి మొక్కుకోవాలి. అది నా టూల్ గొప్పతనమని చెన్నైలో రెండుసార్లు ఉపన్యాసం కూడా ఇచ్చాను.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. గది మూలలో స్క్రూడ్రైవర్‌తో డిస్కులు విప్పుతున్న ఏలియా అనే ఆయన ఉన్నాడు. నల్గొండ జిల్లా మనిషి, నలభై ఐదు దాటిన వయసు, మెడలో చిన్న సిలువ. చదివింది ఐటీఐ. ప్రోగ్రాం రాయడం రాదు. ఇరవై ఏళ్లుగా చచ్చిపోయిన డిస్కులను బాగుచేస్తున్నాడు. ఆ ఫైల్లో ఉన్న తప్పుల్లో సగానికి పైగా రాసింది ఆయనేనట.

"నాకేం వచ్చు సార్" అన్నాడు ఏలియా సిగ్గుపడుతూ. "డిస్కు చచ్చేముందు ఏమేం యాక్షన్ చేస్తదో నేను చూసిన. స్వరూపమ్మ ఇట్ల రాయన్న అంటే రాసిన. గంతే."

నా టూల్ వాడటం ఈ భూమ్మీద నాకొక్కడికే వచ్చు. మూడేళ్లూ అది గర్వంగానే చెప్పుకున్నాను. ఆ కుర్చీలో కూర్చుని మొదటిసారి సిగ్గేసింది. సిగ్గు ఎక్కువసేపు ఉండదు నా దగ్గర, గంటలో అసూయగా మారిపోతుంది. సాయంత్రమయ్యేసరికి ఈ టూల్‌లో ఎక్కడో ఒక బొక్క ఉండకపోదు, అది నాకే దొరకాలి అని ఒట్టుపెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే చిన్న తమాషా జరిగింది. కిటికీలోంచి కింద చాయ్ బండి యాదగిరికి ఒక చాయ్ పైకి పంపమని కేకేశాను. పది నిమిషాలైనా రాలేదు. వినలేదనుకుని పక్క హోటల్‌కు ఫోన్ చేయించి ఇంకొకటి చెప్పాను. అది వచ్చి తాగుతుండగానే యాదగిరి మొదటి చాయ్‌తో మెట్లెక్కి వచ్చాడు. "పాలు పొంగినయ్ సారూ, జర లేటైంది" అన్నాడు. వద్దంటే బాగుండదని ఆరు రూపాయలిచ్చి అదీ తాగాను. చెన్నై కాఫీకి అలవాటుపడ్డ కడుపు రాత్రంతా నన్ను తిట్టింది.

గడ్డిఅన్నారం: బత్తాయిలు

మంగళవారం పొద్దున ఏలియా నన్ను పండ్ల మార్కెట్‌కు తీసుకెళ్లాడు. వాళ్ల ఇంట్లో ఎవరికో జ్వరం, బత్తాయిలు కొనాలట. మార్కెట్ ముందు రోడ్డంతా పండు తొక్కి జారుతోంది. నల్గొండ వైపు నుంచి వచ్చిన బత్తాయిలు గుట్టలుగా పోసి ఉన్నాయి. మా నెల్లూరు నిమ్మకాయ తప్ప ఇంకే పుల్లటి కాయనూ గౌరవించని నేను కూడా ఆ వాసనకు కాసేపు ఆగాను.

ఏలియా ఒక్కో కాయ చేతిలో ఎత్తి బరువు చూసుకుని, పక్కన పెడుతున్నాడు. "పైన మెరుపు చూడొద్దు సార్. చేతుల బరువుండాలె. మెరుపున్నది తేలిగ్గుంటే లోపల ఎండిపోయినట్టే" అన్నాడు. కొట్టతను "పెద్దన్నా, అన్ని నువ్వే ఏరుకపోతే మిగిలినయి ఎవరికి అమ్మాలె?" అని వేళాకోళమాడాడు. ఇద్దరికీ ఏళ్ల పరిచయంలా ఉంది.

తిరిగి వస్తూ దారంతా ఏలియా స్వరూపను పొగిడాడు. తనకు జీతం పెంచమని ఆమె పై వాళ్లతో ఎలా కొట్లాడిందో చెప్పాడు. ఫైల్లో తను రాసిన ప్రతి తప్పు పక్కన ఏలియా అని పేరు పెట్టిందట. "నా పేరు కంప్యూటర్ల ఉన్నదని మా ఊర్ల పాస్టరుకు గూడ చెప్పిన" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. నా కింద పనిచేసిన ఇద్దరు పిల్లల పేర్లు నా టూల్‌లో ఎక్కడైనా ఉన్నాయా అని ఆలోచించాను. లేవు. ఆ మాటకు ఏలియా మీద కూడా కోపం వచ్చింది.

మధ్యాహ్నం నాకు కావలసింది దొరికింది. నాలుగో డిస్క్ మీద ఒక పరీక్ష పెట్టాను. పదో రాత నుంచి అన్నీ మింగెయ్యమని వరుస రాశాను. అది సగంలో ఉండగా కింద నినాదాలు వినిపించాయి. బంద్ కోసం కుర్రాళ్లు కొట్లు మూయిస్తూ వచ్చారు. చీరల కొట్టు యజమాని పైకి వచ్చి, "అందరు జర దిగుండ్రి, షెటర్ దించాలె" అన్నాడు. తొందరలో నేను పరీక్షను మధ్యలోనే ఆపేసి దిగాను. గంట తర్వాత అందరికంటే ముందు నేనే పైకి వచ్చి, నాలుగో డిస్క్ మీద నా సొంత ఫైలు ఒకటి దాచుకున్నాను. తెరిచి చూస్తే లేదు.

మళ్లీ దాచాను. మళ్లీ లేదు. అప్పుడు అర్థమైంది. పరీక్ష పూర్తయితే ఆ టూల్ కట్టిన తప్పును తనే విప్పేసుకుంటుంది. మధ్యలో ఆపేస్తే విప్పడం లేదు. ఆ తప్పు డ్రైవర్లో అలాగే ఉండిపోయి, తర్వాత ఎవరు ఏది రాసినా మింగేస్తోంది. పరీక్ష కంప్యూటర్ కాబట్టి సరిపోయింది. ఎవరిదైనా అసలు కంప్యూటర్ అయితే వాళ్ల ఏడాది పని నీళ్లపాలే.

ఆ గదిలో ఒక్కణ్నే నిలబడి ఎంత సంతోషపడ్డానో చెప్పడానికి ఇప్పుడు మొహం చెల్లడం లేదు. అందరూ మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. దాంతో కట్టిన తప్పు పోయింది. శుక్రవారం దాకా ఇది నా జేబులో ఉండాలనుకున్నాను.

బుధవారం

ఆ రోజు గురించి ఎక్కువ రాయను. పొద్దున వెళ్లేసరికి నాలుగో డిస్క్ తెరుచుకోవడం లేదు. నిన్న మింగేసిన రాతల వల్ల లోపల అంతా కలగాపులగమైంది. కంప్యూటర్ మళ్లీ వేసినంత మాత్రాన పోయినవి తిరిగి రావు కదా. ఆ సంగతి నాకు తట్టనేలేదు. డ్రైవర్లు రాసేవాడు చేయకూడని పొరపాటు అది.

స్వరూప మామూలుగానే అడిగింది. "నాలుగోది నిన్న ఎవరన్న ముట్టుకున్నరా?"

"నేను ముట్టుకోలేదండీ" అన్నాను. ఆలోచించకముందే నోట్లోంచి వచ్చేసింది.

ఏలియా మొహం చిన్నబుచ్చుకున్నాడు. "నేనే పోయిన వారం బిగించిన. వైరు సక్కగ కూసోలేదేమో" అన్నాడు. ఆ రోజంతా ఆ డిస్క్ విప్పి, తుడిచి, బిగించి, మళ్లీ విప్పి కూర్చున్నాడు. భోజనానికి కూడా లేవలేదు. నేను మూడడుగుల దూరంలో కూర్చుని చూస్తూ ఉన్నాను. ఎదురుగా బజ్జీల బండి దగ్గర మిర్చి బజ్జీ పది రూపాయలకు నాలుగు. మావైపు వాము పెడతారు, ఇక్కడ చింతపండు గుజ్జు పెడతారు. తిన్నాను, రుచి ఏమిటో చెప్పలేను.

మీర్‌పేట్: పచ్చిపులుసు

గురువారం పూర్తి బంద్. హోటళ్లు కూడా లేవు. లాడ్జిలో బిస్కెట్లు తింటుంటే స్వరూప ఫోన్ చేసింది. "తిననీకె ఏం దొరకదు సార్ ఇయ్యాల. మా అమ్మ రమ్మంటున్నది." ఎల్.బి.నగర్ నుంచి మీర్‌పేట్‌కు ఆమె తన స్కూటీ మీద తీసుకెళ్లింది. దారిలో రోడ్డు మీద ఆడవాళ్లు బతుకమ్మ పేర్చి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతున్నారు. అదీ రాస్తారోకోనే. స్కూటీ దిగి, వాళ్లు ఆ చుట్టు పూర్తిచేసేదాకా నిలబడి వెళ్లాం.

ఇల్లు రెండు గదులు. ముందు గదిలో వాళ్లమ్మ ఒక కొయ్య చట్రం మీద దారాలు లాగి కట్టి, సైకిల్ ట్యూబు రబ్బరును సన్నగా కోసి దారాల మీద గట్టిగా చుడుతోంది. చిటికి కట్టడమంటారు. కట్టిన చోట రంగు అంటదు. రంగులో ముంచి తీసి, కట్లు విప్పి నేస్తే అక్కడ పువ్వో చిలకో వస్తుంది. బొమ్మ మగ్గం మీద పుట్టదు, అంతకుముందే దారంలో పుడుతుందన్నమాట. స్వరూప టూల్‌కు తల్లి ఎవరో అప్పుడు తెలిసింది నాకు. మా అమ్మ నాకు ఏం నేర్పిందని ఇంత పోటీకి వచ్చానో అనిపించింది. పాపం, మా అమ్మనూ ఇందులోకి లాగాను.

"కట్టడం కష్టమాండీ?" అని అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"కట్టుడేముంది బిడ్డా. విప్పేటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలె" అంది వాళ్లమ్మ చేతులాపకుండా. "పోయినేడు ఒక్క కట్టు విప్పుడు మర్సిపోయిన. చీర నడుమ తెల్లగ మచ్చ పడ్డది. సగం ధరకు పోయింది."

నా మొహం ఎలా మారిందో నాకు తెలియదు. స్వరూప మాత్రం వంటింట్లోకి వెళ్లింది.

జొన్నరొట్టె, బీరకాయ కూర, పచ్చిపులుసు. మావైపు చారంటే మరగాల్సిందే. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాసిన్ని నువ్వుల పొడి వేసి పచ్చిదే పోస్తారు. "సిగ్గుపడకు, ఇంకింత ఏసుకో" అంటూ వాళ్లమ్మ వడ్డిస్తూనే ఉంది. మూడుసార్లు వేయించుకున్నాను.

తిన్నాక స్వరూప ల్యాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "సార్, మీ డ్రైవర్‌ను నా టూల్ మీద పెట్టి చూసిన. ఆలస్యం పెడ్తే పడిపోతున్నది. ఆఫీసుల అందరి ముంగట చెప్పుడెందుకని ఇక్కడ చెప్తున్న."

"ఎక్కడ పడిపోతోంది?"

"సోమవారం మీకు రెండు చాయ్‌లొచ్చినయ్ కద. గట్లనే. డిస్క్ జవాబు లేటైతే, వినలేదనుకొని మీ డ్రైవర్ మళ్ల అడుగుతది. రెండోదాని జవాబు రాంగనే పనైపోయిందని జవాబు కోసం మెమరీల ఉంచిన జాగ ఖాళీ చేసి వేరేదానికి ఇస్తది. గప్పుడు మొదటి జవాబొస్తది. వచ్చి, వేరేవాళ్ల జాగల రాసి పోతది."

నిజమే. నా టూల్‌లో ఔను, కాదు తప్ప ఆలస్యం అన్న తప్పే లేదు. లేని తప్పును నా డ్రైవర్ ఎప్పుడూ ఎదుర్కోలేదు. మూడేళ్లు నా డ్రైవర్‌కు నేనే పరీక్ష పెట్టి, నేనే మార్కులు వేసుకున్నాను.

"రేపు ఫోన్ల ఇది బయటపడ్తే మీకు మంచిగుండదు" అంది ఆమె. "ఇయ్యాల సరిచేసుకుంటే రేపటికి పనైతది."

ఆ గదిలో, ఆ చాప మీద, ఆమె టూల్‌లో నాకు దొరికిన తప్పు నాలుక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచాను. "పచ్చిపులుసు చాలా బాగుందండీ" అని మూశాను. ఆ సాయంత్రమే లాడ్జిలో కూర్చుని ఆరు వరుసలు మార్చి నా డ్రైవర్‌ను సరిచేసుకున్నాను.

మళ్లీ చీరల కొట్టు పైన

శుక్రవారం పదకొండింటికి బల్ల మధ్యలో ఫోన్ పెట్టుకుని కూర్చున్నాం. అవతల మేనేజర్. స్వరూప తన టూల్ గురించి పది నిమిషాలు చెప్పింది. నా డ్రైవర్ సంగతి ఎత్తలేదు. ఎత్తినా ఇప్పుడు దొరకదు, సరిచేశాను కదా. మేనేజర్ "మురళీ, నీకేమైనా లోపాలు కనిపించాయా?" అన్నాడు.

"ఒకటుంది. ఈ రోజు పొద్దున్నే చూశాను" అన్నాను. ఆ తర్వాత చాలా శుభ్రంగా చెప్పాను. పరీక్ష మధ్యలో ఆపి చూపించాను. కట్టిన తప్పు ఎలా మిగిలిపోతుందో, ఎవరి పని ఎలా పోతుందో, అన్నీ. ముందు రాత్రి అద్దం ముందు రెండుసార్లు చెప్పుకున్న మాటలవి.

ఏలియా స్వరూప వైపు చూశాడు. ఆమె ఫోన్ వైపు చూస్తూ అంది. "తప్పే సార్. మధ్యల ఆపితే విప్పుడు మర్చిపోయిన. సాయంత్రానికి సరిచేస్త."

 మేనేజర్ అక్కడికక్కడే తేల్చేశాడు. "టూల్ స్వరూపదే ఉంచుదాం, అది తేలిక. కానీ ఇలాంటివి పట్టుకునే కన్ను మురళిది. బృందాన్ని మురళి చూసుకుంటాడు."

నేను కోరుకున్నది నాకు దక్కింది. మురళి టూల్ పోయినా మురళి మిగిలాడు. ఏలియా లేచి వచ్చి చెయ్యి కలిపాడు. "కంగ్రాట్స్ సార్. నాలుగో డిస్క్ గూడ దీనితోనే పోయుంటది. నా బిగింపుల తప్పు లేదన్నట్టు" అన్నాడు. ఆయన మొహంలో ఎంత నెమ్మది వచ్చిందో చూసి కళ్లు దించుకున్నాను.

ఎల్.బి.నగర్: బస్సు ఎక్కేముందు

చెన్నై బస్సు సాయంత్రం ఐదింటికి. ఎల్.బి.నగర్ చౌరస్తాలో బ్యాగు పక్కన పెట్టుకుని నిలబడితే స్వరూప స్కూటీ మీద వచ్చింది. వాళ్లమ్మ పంపిన సర్వపిండి రొట్టెల పొట్లం చేతికిచ్చింది. రోడ్డు ఆ రోజు మామూలుగానే ఉంది. ఆటోలవాళ్లు విజయవాడ, విజయవాడ అని అరుస్తున్నారు.

"మంగళవారమే చూసిన్రు కద సార్" అంది.

నేను బ్యాగు పట్టీ సర్దుకున్నాను.

"బుధవారం పొద్దుమీకి, అందరు పోయినంక, నాలుగోది నేను తీసి చూసిన. పదో రాత కాడ్నుంచి అన్ని పోయినయ్, సాఫుగ గీత గీసినట్టు. డిస్క్ ఖరాబైతే గంత సాఫుగ పోదు. గది నా టూల్ పనే. మంగళవారం దాని మీద మీరొక్కరే ఉంటిరి."

"మరి అప్పుడే ఎందుకు సరిచేయలేదు?" అన్నాను. నాకు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకలేదు.

"మీకు దొరికింది నేను సరిచేస్తే మీ పేరు పోతది కద. మీరు చెప్తరని చూసిన. గురువారం ఇంటికి పిలిచింది గూడ గందుకే. చెప్పనీకె వీలుంటదని."

"నేను దాచానని ఫోన్లో చెప్పాల్సింది."

"చెప్తే బృందం నాకే వస్తుండె" అంది ఆమె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గని నలుగురి ముంగట అబద్ధం బయటపడ్డ మనిషితోని రోజు ఎట్ల పనిచేస్తం? ఏలియన్నకు గూడ చెప్పలే. ఒక్క రోజంత నోట్లె ముద్ద పెట్టకుండ కూసున్నడు సార్ ఆయన. గది మాత్రం నాకు మంచిగనిపియ్యలే."

బస్సు వచ్చింది. "పోయి రాండ్రి సార్, సోమవారం ఫోన్ల కలుద్దాం" అని స్కూటీ తిప్పుకుంది.

నెల్లూరు దాటేదాకా నిద్ర పట్టలేదు. ఆమె స్థానంలో నేనుంటే గురువారం పోటీవాడికి అతని డ్రైవర్ తప్పు చెప్పేవాణ్నా అని ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో. ప్రతిసారీ ఒకటే జవాబు, చెప్పేవాణ్ని కాదు. అప్పటిదాకా ఆమె పని చూసి కుళ్లుకున్నాను. ఇప్పుడు ఆమె అలా ఉండగలగడం చూసి కుళ్లుకుంటున్నాను. ఇది ఎక్కువ బాధగా ఉంది, ఎందుకంటే రాత్రింబవళ్లు కూర్చుని రాసినా ఇది నాకు వచ్చేది కాదు.

వచ్చి ఏడు వారాలైంది. ప్రతి సోమవారం ఫోన్లో ఆమె నన్ను సార్ అంటుంది, ఎప్పటిలాగే. ఏలియా నా ఆరోగ్యం అడుగుతాడు. నిన్న ఏలియాకు విడిగా ఫోన్ చేసి నాలుగో డిస్క్ సంగతి చెప్పాను.  "నాలుగుసార్లు విప్పిన సార్ దాన్ని" అని మాత్రం అన్నాడు.

మా మేనేజర్ తెలుగువాడే, ఈ పత్రిక ప్రతి నెలా చదువుతాడు. ఆయనకు ఎదురుగా చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాశాను. చదివాక బృందాన్ని ఎవరికి ఇవ్వాలో ఆయనకు తెలుస్తుంది. ఇవ్వాలి కూడా. ఇచ్చిన రోజు ఆమె మీద నాకు మళ్లీ అసూయే పుడుతుందని మాత్రం నాకు బాగా తెలుసు.